చిటికెన వేలితో లేచిన ట్రాలీ

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని అప్పటికింకా నాకు తెలియదు. ఐటీఐ ముగించి, నల్గొండలో మా మేనమామ వెల్డింగ్ షాపులో చేరాను (సర్టిఫికెట్‌కు లామినేషన్ కూడా చేయించాను). ట్రాక్టర్ ట్రాలీకి ఇరుసు బిగించిన ప్రతిసారీ మామది ఒకటే మాట: "నట్టనడుమ పెట్టకురా, జానెడు ఎనక్కి జరుపు. జర బరువు ముందట కొండి మీద పడాలె." ఆ జానెడు నాకు చదువురాని లెక్కలా తోచేది. ఆయన పెండ్లికని అచ్చంపేట పోయిన రోజు, టేపు పట్టి కొలిచి ఇరుసును సరిగ్గా నడుమ అతికాను. ట్రాక్టర్‌కు తగిలించే కొండి చిటికెన వేలితో లేచింది! పక్క షాపులవాళ్లను పిలిచి మరీ లేపి చూపించాను.

ఆ ట్రాలీ నడిపే ఆయన్ని అందరూ నిమ్మలం కాక అనేవారు. సైకిళ్లకు కూడా దారి ఇచ్చే మనిషి, కల్లు ముట్టడు. ఖాళీ ట్రాలీతో నాలుగు గజాలు పోయి ఆపాడు.

"బిడ్డా, ట్రాలీ ముక్కు తేలుతాంది, కొండి మీద బరువు లేదు. మీ మామను రానీ."

"కొత్త పద్ధతి కాకా. నువ్వే జర నడుపుడు నేర్చుకో," అన్నాను.

మర్నాడు పొద్దున బత్తాయి లోడు. వెనక తలుపు దగ్గరే ఎక్కువ పోశారు. ఊరి దిగుడులో ఆ బరువుకు కొండి పైకి లేచి, ట్రాక్టర్ వెనక టైర్లకు పట్టు తప్పింది. ట్రాలీ అటూ ఇటూ ఊగి పక్కకు ఒరిగింది. కాకకు దెబ్బ తగల్లేదు గానీ కాయలన్నీ రోడ్డు మీదే. జనం కొంగుల్లో, తువ్వాళ్లలో ఏరుకుంటూనే తిట్టారు. "పొద్దుగాలనే తాగిండు సూడు!" "తాగకుంటె గట్ల ఊగుతదా?" కబురు విని అప్పుడే పోయి నిలబడ్డాను. కాక నా వైపు చూశాడు, నేనేదో చెబుతానని.

"అవును, కల్లు వాసన వస్తాంది," అన్నాను.

ఆయన పని పోయింది, పేరు ఊగుడు కాకగా మారింది. ట్రాలీ రిపేరుకు మా షాపుకే వచ్చింది. మామ తిరిగొచ్చేలోపే ఇరుసును జానెడు వెనక్కి జరిపేశాను.

మొన్న బస్టాండులో కాక కనబడితే అంతా ఒప్పుకున్నాను.

"నాకెరుకనే బిడ్డా. ముక్కు తేలుతాందని చెప్పింది నేనే గదా," అన్నాడు. "పేరు ఎట్లైన వచ్చె, ఇగ తాగితె ఏందని ఆ ఏడే షురూ చేసిన. ఇప్పుడు మానుదామంటె అయితలేదు." ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ పొద్దు ఆయన తాగలేదు. ఊగింది నేను చేసిన ట్రాలీ.

ఇప్పుడు షాపు నాదే. ఇరుసును జానతో కొలిచి అతికాక, కొండి కింద చిటికెన వేలు పెట్టి చూస్తాను. అది లేవకపోతే, సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకున్న ఆ మొనగాడు గుర్తొచ్చి కొంచెం నవ్వుకుంటాను.