నేను తాగని పసరు

ఆ రోజుల్లో డాక్టరంటే సూది వేసేవాడే. సూది వెయ్యనివాణ్ణి డాక్టరని ఒప్పుకోవడానికి మా మైపాడులో ఎవరూ సిద్ధంగా లేరు. అలాంటి కాలంలో, రక్తం పరీక్షించందే మందు రాయనంటూ, సొంత మైక్రోస్కోపుతో నెల్లూరులో ఆస్పత్రి తెరిచారు పెద్ద డాక్టరుగారు. ఆయనకు నేను చేసిన ద్రోహం ముప్పై ఏళ్ల తరువాతైనా ఒప్పుకోవాలి.

నాకు ఇరవయ్యో ఏట పచ్చకామెర్లు వచ్చాయి. ఆయన రక్తం చూసి, "మందు అక్కర్లేదు. నెల రోజులు పడుకో, కాచిన నీళ్లు తాగు" అన్నారు. తిరుగు బస్సులో మా అవ్వ అందరూ వినేట్టు తిట్టింది. "పడుకోమని చెప్పేదానికి అంత చదువెందుకురా? మందు లేనోడికి బోర్డెందుకు?" మర్నాడే పసరు వైద్యుడి దగ్గరికి లాక్కుపోయింది. మూడు ఆదివారాలు, పరగడుపున, గ్లాసుడు పసరు. వాసనకే ముక్కు మూసుకున్నాను. అవ్వ కళ్లు మూసి దణ్ణం పెట్టుకునేలోగా (ఆమె దణ్ణాలు పొడుగు, నా అదృష్టం) మూడుసార్లూ ఇసకలో పోసేశాను.

నెలకు తగ్గిపోయింది. డాక్టరుగారికి ఒకసారి చూపించి వచ్చాం. పేరు మాత్రం పసరుకే పోయింది. "డాక్టరు చేతులెత్తేసినాడు, పసరు నిలబెట్టింది" అంటూ అవ్వ నన్ను పల్లెంతా తిప్పింది. నేను ఉత్సవ విగ్రహంలా నవ్వుతూ తిరిగాను. ఆ మరుసటి ఏడు మా చిన్నాన్న కళ్లు పచ్చబడితే నా పేరు చెప్పి మరీ పసరు తాగించారు. పొట్ట ఉబ్బాక గానీ ఆస్పత్రికి మోసుకుపోలేదు. "మూడు వారాలుగా ఏం చేస్తున్నారయ్యా?" అని డాక్టరుగారు అరిచారు. "మా అబ్బయ్యకి తగ్గింది గదా సార్" అంది అవ్వ. ఆ అబ్బయ్య, అంటే నేను, ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాను. చిన్నాన్నను బతికించడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది.

పోయిన నెల మేనల్లుడికి కామెర్లు. మా అక్క పసరన్నది. ఇక ఆగలేకపోయాను. "నేను తాగలేదక్కా! ఇసకలో పోసినా!"

"తాగకపోతే ఏమిరా, గ్లాసు పట్టుకున్నావు గదా. ఆ వాసనకే తగ్గుంటుంది."

తల బాదుకుని, ఇద్దరినీ డాక్టరుగారి ఇంటికి తీసుకెళ్లాను. ఎనభై దాటినా వరండాలో కూర్చుని రోగుల్ని చూస్తున్నారు. నా నేరం ఒప్పుకున్నాను.

"అప్పుడే తెలుసయ్యా" అన్నారు. "నెల తరువాత వచ్చినప్పుడు నీ చొక్కా అంచుకు పసరు మరకుంది. తాగేవాడికి మరక గుండెల మీద పడుతుంది గానీ, అంచున కాదు."

"మరి చెప్పలేదేం సార్?"

"చెప్తే మీ అవ్వ దగ్గరుండి తాగించేది. నా పేరు పోతే పోయింది, నీ లివరు మిగిలింది."

మేనల్లుణ్ణి నెల రోజులు పడుకోమన్నారు. గేటు దాటగానే అక్క గొణిగింది: "ఇంత వయసొచ్చినా ఈయన ఇంకా మందు రాయడం నేర్చుకోలేదేందిరా!"

బస్సులో, అచ్చం మా అవ్వ గొంతుతో, అందరూ వినేట్టు చెప్పాను: నేను బతికింది ఆయన ఇవ్వని మందుతోనే, నేను తాగని పసరుతోనే అని. ఎవరూ తలెత్తలేదు. కండక్టరు మాత్రం జాలిగా చూసి, ఈ బట్టతల పెద్దమనిషికి కిటికీ పక్క సీటు ఇప్పించాడు.