పెద్దమ్మ వేలిముద్ర

పటాన్‌చెరులో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. దానికి అన్నం పెట్టింది పెళ్ళిళ్ళు కావు, కంపెనీ గేట్లు. గేటు పాసుకు ఫొటో కావాలి కనుక ఒరిస్సా నుంచో బీహారు నుంచో దిగినవాడు గది వెతుక్కోకముందే నా దగ్గరికి వచ్చేవాడు. నీలం గుడ్డ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, సీదా దేఖో భయ్యా అని, గంటలో నాలుగు కాపీలు చేతిలో పెట్టేవాణ్ణి. ఆ తర్వాత కంపెనీలు తెలివి మీరాయి. గేటు దగ్గరే కంప్యూటరు మీద గోళీకాయంత కెమెరా పెట్టుకుని వాళ్ళ ఫొటోలు వాళ్ళే తీసుకోసాగాయి. నా స్టూలు ఖాళీ అయింది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ ఏడాది అది అక్కణ్ణుంచి దిగనే లేదు.

అప్పుడు పక్కనే ఇంటర్నెట్ సెంటర్ నడిపే అతను ఒక సంగతి చెప్పాడు. విదేశాల్లో కొన్ని వెబ్‌సైట్లున్నాయట. మనం తీసిన ఫొటోలు వాటిలో పెడితే పత్రికలవాళ్ళూ ప్రకటనలవాళ్ళూ కొనుక్కుంటారట. ఒకే ఫొటో వందమంది కొన్నా ఇంకా మన దగ్గరే ఉంటుందట. పెరుగు అమ్మినా గిన్నె ఖాళీ కాదంటే ఎవడు నమ్ముతాడు? నవ్వి ఊరుకున్నాను. వారం తిరక్కుండా వాడిన డిజిటల్ కెమెరా ఒకటి కొన్నాను.

మొదట నేను పంపినవన్నీ వెనక్కి కొట్టారు. ఫ్యాక్టరీ పొగగొట్టం పంపితే కంపెనీ పేరు కనిపిస్తోందన్నారు. కంది ఊరి దగ్గర జొన్నచేను పంపితే వెలుతురు సమంగా లేదన్నారు. సూర్యుడికి నేను చెప్పాలా? సముద్రాల అవతల కూర్చుని నా చేనుకు వంకలు పెట్టేవాణ్ణి ముఖం తెలియకుండానే రోజూ తిట్టేవాణ్ణి. నా భార్య మాత్రం, పెళ్ళి ఫొటోలకు నిన్ను అనడానికి జనం మొహమాటపడ్డారు, ఆ సైటాయన పడలేదు, అంతే తేడా అనేది. చివరికి అమ్ముడుపోయినవి ఏవో తెలుసా? తుప్పు పట్టిన పైపు. షిఫ్టు కార్మికుడి స్టీలు టిఫిన్ డబ్బా. ఎండు మిరపకాయల కుప్ప. మొదట్లో వచ్చింది చాయ్‌కి సరిపోయేది. తర్వాత కరెంటు బిల్లుకు సరిపోయింది. ఏడాది తిరిగేసరికి స్టూడియో కిరాయి దానిలోంచే కట్టాను.

ఇక పెద్దమ్మ సంగతి. మా నాన్నకు అన్నగారి భార్య. ఆమెకు పిల్లల్లేరు. మా అమ్మ బొల్లారంలో మాత్రల కంపెనీకి షిఫ్టులకు పోతే నన్ను సాకింది ఈమే. పెదనాన్న పోయాక మా ఇంట్లోనే ఉండేది. పొద్దున్నే నాతో పాటు స్టూడియోకి వచ్చి బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరి మీదా పెత్తనం చేసేది. తల దువ్వుకోనివాణ్ణి లేపి దువ్వించేది. బక్కగా ఉన్న బీహారు పిల్లగాణ్ణి అన్నం తిన్నావా అని తెలుగులో అడిగేది, వాడు హిందీలో ఏదో చెప్పేవాడు, ఇద్దరికీ అర్థమైపోయేది. ఆమె లేకపోతే నా స్టూడియోలో మనుషులు నోరు తెరిచేవాళ్ళు కాదు. నా ముఖం అలాంటిది.

పెద్దమ్మకు చదువు రాదు. కానీ ఏ కాగితం మీదా వేలు పెట్టదు. దాని వెనక ఒక పొలం ఉంది. ఫ్యాక్టరీలు కొత్తగా వస్తున్న రోజుల్లో, హైవే పక్కన ఆమె పుట్టింటివాళ్ళు ఇచ్చిన నాలుగెకరాలు ఆమె పేరు మీద ఉండేవి. ఒక దలారి వచ్చి రెండెకరాలు అడిగాడు. సరేనని ముద్ర వేసింది. ఏడాది తర్వాత మిగతా రెండెకరాల్లో ఎవరో హద్దు కడీలు పాతుతుంటే పోయి అడిగింది. ఇంకో కాగితం చూపించారు. దాని మీద కూడా వేలిముద్ర ఉంది. అది నా వేలు కాదని ఆమె సంగారెడ్డిలో ప్రతి ఆఫీసు మెట్టూ ఎక్కి చెప్పింది. కాగితం మీద ఏలు ఉన్నది గదమ్మా అని అందరూ అదే మాట అన్నారు. బయటివాళ్ళ మాట ఎందుకు, పెదనాన్నే నమ్మలేదు. ఒకేరోజు రెండు కాగితాల మీద ఒత్తి మరిచిపోయి ఉంటావన్నాడు. పెద్దయ్యాక నేనూ లోపల అలాగే అనుకున్నాను. అప్పట్నుంచి ఆమె వేలు పిడికిట్లోనే ఉండిపోయింది. ముసలివాళ్ళ పింఛనుకు ముద్ర కావాలంటే ఆ పింఛనే వద్దంది.

ఒకరోజు ఇంట్లో నా సెల్‌ఫోన్ ఆమె చేతికిచ్చాను. నా భార్య వంటింట్లోంచి పక్కింటివాళ్ళ ఫోన్‌తో చేసింది. తలుపు సందులోంచి కోడలు కనిపిస్తోంది, గొంతు మాత్రం చేతిలో పెట్టెలోంచి వస్తోంది. పెద్దమ్మ ఫోన్ తలకిందులుగా చెవికి పెట్టుకుని, గోడ అవతల ఉన్నదానికి ఫోనేందిరా, నోరు లేదా అని నవ్వడం మొదలుపెట్టింది. ముందు పళ్ళు రెండు లేవు. ముఖమంతా నవ్వే. కిటికీ వెలుతురు సరిగ్గా చెంప మీద పడింది. నా జన్మలో అంత మంచి ఫొటో తీయలేదు. ఆ మాట గొప్ప కోసం చెప్పడం లేదు, దాని తర్వాత జరిగింది చూడండి.

మనిషి ముఖం ఉన్న ఫొటో అమ్మాలంటే ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాగితం కావాలని సైటు నియమం. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయొచ్చు. నేను కాగితం అచ్చు తీసుకొచ్చి, ఇది పొలం కాగితం కాదు, ఫొటో కాగితం, నీ వేలు లేకపోతే ఇది అమ్ముడుపోదు అని బతిమాలాను. కోప్పడ్డాను కూడా.

"ఫొటో దీసుకో. నీకిష్టమున్న కాడ వెట్టుకో. ఏలు మాత్రం అడగకు బిడ్డా" అంది పెద్దమ్మ.

నేను మొదటి రెండు మాటలూ పట్టుకున్నాను. నీకిష్టమున్న కాడ పెట్టుకో అన్నది కదా! మూడోది ఆమె భయం అనుకున్నాను. ఎక్కడో ఉన్నవాళ్ళకు ఏ వేలైతే ఏమిటి? స్టూడియోలో ఫొటోల వెనక ముద్ర కొట్టే సిరా డబ్బా తెరిచి, నా బొటనవేలు ఒత్తి, ఆ కాగితం మీద పెట్టాను. కింద సాక్షి సంతకం కూడా నేనే చేశాను. మొత్తం అరనిమిషం పట్టలేదు. మరునాడు స్కాన్ చేసి పంపాను.

పెద్దమ్మ నవ్వు అమ్ముడుపోయినట్టు నా ఫొటోల్లో ఏదీ అమ్ముడుపోలేదు. ఎవరు కొంటున్నారో సైటు చెప్పదు. జర్మనీలో పళ్ళ డాక్టరు కొని ఉంటాడని నా భార్య ఆటపట్టించేది. ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది. పెద్దమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకునే స్థితి వచ్చింది. సంగారెడ్డిలో ఆపరేషన్ చేయించాను, ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఆ సొమ్ము ఆమె నవ్వుదే కనుక లెక్క సరిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను.

రెండో కన్ను చూపించుకుని బస్సులో వస్తున్నాం. కిటికీ పక్క సీటు ఆమెదే. అదెంత పచ్చగా ఉందో, ఇదెంత ఎర్రగా ఉందో చిన్నపిల్లలా చెబుతూ వచ్చింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కంది దాటుతుంటే నా మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"అరేయ్, గా ముసల్ది ఎవరురా? అచ్చం నా లెక్కనే ఉన్నది."

రోడ్డు పక్కన ఇంటంత బోర్డు. దాని మీద పెద్దమ్మ, రెండు పళ్ళు లేని నవ్వుతో, తలకిందుల ఫోన్‌తో. పక్కన పెద్ద అక్షరాలు: ఒక్క ఫోన్ చేయండి, హైవే పక్కన సొంత జాగా మీదే. అక్కడ పెద్ద కాలేజీ ఏదో వస్తుందని భూముల ధరలు ఆకాశానికి ఎక్కుతున్న రోజులవి. పొలాలు కొని ప్లాట్లు కొట్టి అమ్మే వాళ్ళ బోర్డు అది.

నువ్వేనన్నాను. ఏం రాసిండ్రని అడిగింది. సెల్‌ఫోన్లు అమ్ముతున్నరన్నాను. ఆమె పటాన్‌చెరు దాకా నవ్వుతూనే ఉంది. బస్సు దిగాక చాయ్ హోటల్ అతనికీ, కూరగాయల ఆమెకూ, మా గల్లీలో ఇంటింటికీ చెప్పుకుంది, నన్ను రోడ్డు మీద పెట్టిండ్రు, ఫోన్లు అమ్ముతున్న అని. ఆ పూటే చెప్పేయాల్సింది. చెప్పలేదు.

రెండు రోజులకు చదువు వచ్చినవాళ్ళు ఆ బోర్డు చూసి వచ్చారు. ఒకడు ఆమెనే అడిగాడట, నీ పొలం పోయిందని ఇన్నేండ్లు ఏడ్చినవు, ఇప్పుడు ఆ దలారులతోనే కలిసినవా, ఎంత ఇచ్చిండ్రు అని. పెద్దమ్మ స్టూడియోకి వచ్చి, బెంచీ మీద కాక, గిరాకీలు కూర్చునే స్టూలు మీద నాకెదురుగా కూర్చుంది.

"నా ఏలు లేకుంటే అమ్మరాదంటివి గదా. ఎవరేసిండ్రు?"

"నేనే ఏసిన" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే నేనూ ఒక మాట అని తేలికపడేవాణ్ణి. ఆమె తిట్టలేదు.

"భూమి పోయినందుకు నవ్వుతున్న అనుకోరారా సూశెటోళ్ళు?" అంది, అంతే. లేచి ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి స్టూడియోకి రాలేదు. నా చేత్తో ఇస్తే కంట్లో మందు కూడా వేయించుకోలేదు, నా భార్యతో వేయించుకునేది.

బోర్డు మీద నంబరుకు ఫోన్ చేసి అరిచాను, మా పెద్దమ్మ ఫొటో దించండి అని. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. ఫొటో డబ్బిచ్చి కొన్నాం సార్, మనిషి ఒప్పుకున్నట్టు సైటు దగ్గర కాగితం ఉంది, దాని మీద వేలిముద్ర ఉంది అన్నాడు. సంగారెడ్డి మెట్ల మీద పెద్దమ్మ విన్న మాట అది. ఆ వేలు ఆమెది కాదని చెప్పాలంటే ఎవరిదో చెప్పాలి. చెబితే సైటులో నా పని అయిపోతుంది. కిరాయి, ఫ్రిజ్, పిల్లల బడి ఫీజు, ఇల్లంతా అప్పటికి దాని మీదే నడుస్తోంది.

మూడు రోజులు ఇంట్లో అందరి మీదా విరుచుకుపడ్డాను. నాలుగో రోజు నా భార్య, అరవాల్సింది మా మీద కాదు గదా అంది. అవును. ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి, నాకొచ్చిన ఇంగ్లీషులో సైటుకు రాశాను: ఆ కాగితం మీద ముద్ర నాది, ఆమె వద్దన్నది, నేను దొంగగా వేశాను. వారంలో జవాబు వచ్చింది. నా ఖాతా మూసేశారు. పైపూ టిఫిన్ డబ్బా మిరపకాయలూ అన్నీ పోయాయి. ఇకముందు ఆ ఫొటో ఎవరికీ అమ్మరట, కానీ ముందే కొన్నవాళ్ళది తమ చేతిలో లేదట. నేను రాసిందీ వాళ్ళ జవాబూ అచ్చు తీసి ప్లాట్ల ఆఫీసులో బల్ల మీద పెట్టాను. చూస్తామన్నారు. బోర్డు మాత్రం వానాకాలం గాలికి అదే చిరిగేదాకా ఉంది.

ఆ రోజు ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. సైటుకు నేను రాసినదాని ఇంకో కాపీ చదివి వినిపించాను, ఇంగ్లీషులోంచి మన మాటలోకి, ఒక్కో ముక్కా. రోజూ వచ్చే పైసలు ఇక రావని కూడా చెప్పాను. ఆమె కాగితం అడిగి తీసుకుని, కొత్త కళ్ళతో అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిట్ల రాసిచ్చెటోడు ఆనాడు ఒక్కడుంటే, నా రెండెకరాలు నాకు ఉంటుండె గదరా" అంది.

దలారి ఇంట్లోనూ ఒక సిరా డబ్బా ఉండి ఉంటుంది. అతనికీ అరనిమిషం పట్టి ఉండదు. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఒక్కరమూ అనని మాట నా నోటికి అప్పుడు వచ్చింది.

"రెండో కాయితం మీది ఏలు నీది కాదు పెద్దమ్మా."

ఆమె కాగితం ఒళ్ళో పెట్టుకుని, చింతపండు చేతులతోనే కళ్ళు తుడుచుకోబోయింది. ఆపరేషన్ కళ్ళు, పులుపు తగిలితే మండుతాయి, బుద్ధి లేదా అని కసిరి, ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. ఆమె చేతులు లాక్కోలేదు. కన్నీళ్ళు నా జేబురుమాలుతో నేనే తుడిచాను.