నెల తప్పిన సంగతి

మా ఇంట్లో నెల తప్పడం అనే మాటకు ఒక్కటే అర్థం. పెళ్లయిన కోడలికి నెల తప్పితే మా నాయనమ్మ సంతోషం పట్టలేక, కారణం చెప్పకుండానే దుకాణానికి వచ్చినవాళ్లందరి చేతుల్లో పటికబెల్లం ముక్క పెట్టేది. పెళ్లికాని పిల్లకు తప్పితే ఏం చేస్తారో నాకు తెలియదు. ఆ మాట మా గడప లోపల ఎవరి నోటా వినలేదు. అలాంటి ఇంట్లో, డిగ్రీ చివరి ఏడాదిలో, నాకు నెల తప్పింది. ఒకసారితో ఆగలేదు, తప్పుతూనే పోయింది. నేను మగపిల్లల పక్కన బస్సులో సీటు ఖాళీ ఉన్నా నిలబడి ప్రయాణం చేసే రకం. అయినా అమ్మకు తప్ప ఎవరికీ ఆ మాట అనడానికి నోరు రాలేదు.

చేవెళ్ల బస్టాండుకు దగ్గర్లో మాకు కిరాణా దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు. మేం బాపు అని పిలిచే నాన్న గల్లా దగ్గర కూర్చునేవాడు. నాయనమ్మ ఆయన పక్కనే పీట వేసుకుని, వచ్చేపోయేవాళ్ల యోగక్షేమాలు లాగేది. ఇంటి వెనక వరండాలో ఒక చాప, ఒక పళ్లెం, ఒక చెంబు విడిగా ఉండేవి. ముట్టయిన ఆడవాళ్లు అక్కడ మూడు రోజులు ఉండాలి. దాన్ని మేం 'బయట కూర్చోవడం' అనేవాళ్లం. ఎవరు ఎప్పుడు కూర్చున్నారో, ఎప్పుడు తలకు పోసుకుని లోపలికి వచ్చారో నాయనమ్మకు నోటికి వచ్చు. బాపు ఉద్దెర ఖాతాల్లో అప్పులైనా మరిచేవాడు గానీ ఆవిడ ఈ లెక్క మరిచేది కాదు.

మొదట మారింది నా మెడ. వెనకవైపు చర్మం నల్లగా, దళసరిగా అయింది. అమ్మ అది మురికి అనుకుంది. ప్రతి ఆదివారం శనగపిండిలో పసుపు కలిపి, నిమ్మచెక్కతో నా మెడ రుద్దేది. అంట్లు తోమినట్టు తోమేది. మంట పుట్టి నేను అరిస్తే, "సరిగ్గ రుద్దుకోవు, గందుకే గిట్లయింది" అని తిట్టేది. తర్వాత గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. నూగు కాదు, నిఖార్సైన నల్ల వెంట్రుకలు. అద్దం ముందు నిలబడి వాటిని పీకుతుంటే నా మీద నాకే రోత పుట్టేది. తల మీద ఉండాల్సిన జుట్టేమో దువ్వెన నిండా వచ్చేది. ముఖమంతా మొటిమలు. తిండి పెరగలేదు గానీ నడుము పెరిగింది.

అప్పుడు హైదరాబాద్‌లో కంప్యూటర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. జన్వాడ దాకా ఫారంహౌసులు వచ్చేశాయి, మా చుట్టుపక్కల ఎవరి నోట విన్నా భూమి ధర మాటే. ఒకరోజు సురంగల్ నుంచి సామానుకు వచ్చిన ఒకాయన నన్ను చూసి, "సేటూ, భూముల రేట్ల లెక్కనే పెరుగుతున్నది గద మీ బిడ్డ" అన్నాడు. బాపు నవ్వాడు. నాయనమ్మ కూడా నవ్వి, "తినే ఇల్లు, పెరగదా మరి" అంది. నేను బియ్యం బస్తా వెనక నిలబడి, ఆ మనిషి బియ్యంలో రాళ్లు కలిపితే ఎలా ఉంటుందా అని ఆలోచించాను.

మొదటి నెల రానప్పుడే అమ్మకు చెప్పాను. చెవిలో చెప్పాను. ఆమె నా ముఖం వైపు చూడలేదు, నా కడుపు వైపు చూసింది. ఒక్క క్షణమే. ఆ చూపు నన్ను ఎంత కోసిందో ఇప్పటికీ చెప్పలేను. వెంటనే తేరుకుని, "నువ్వు గసువంటి పిల్లవు కావు, నాకు ఎరుకే. గని మీ నాయనమ్మ అడుగుతది. ఏం చెప్తం? పోయి బయట కూసో" అంది.

అలా కూర్చున్నాను. రానిదానికి వచ్చినట్టు, నెలనెలా, అమ్మ కంటిసైగ చేసిన రోజున చాప పరుచుకుని కూర్చునేదాన్ని. నాయనమ్మ తృప్తిగా చూసుకుని వెళ్లిపోయేది. అమ్మ దూరం నుంచి నా పళ్లెంలో అన్నం జారవిడుస్తూ, "రాకుంటే ఒక పీడ పోయిందనుకో. మంచిగ చదువుకో. గీ మూడు దినాలే మనకు సెలవులు, నాకైతే గవి కూడ సాలవు" అనేది. ఆమె దృష్టిలో అది నాకు చేసిన మేలు. చాకిరీ లేదు, అనుమానం లేదు. నా లోపల ఏం జరుగుతోందో మాత్రం ఇద్దరికీ తెలియదు.

డిగ్రీ అయ్యాక మొయినాబాద్‌లో కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. నడిపేది ఒక కోస్తా ఆవిడ. భర్త మాదాపూర్‌లో ఉద్యోగం, ఆవిడ మాకు పాఠాలు చెప్పేది. ఒకరోజు నా వెనక నిలబడి స్క్రీన్ చూస్తూ, మెల్లగా, "డేట్ సరిగ్గా వస్తోందా నీకు?" అని అడిగింది.

"ఇంకా రాలేదు మేడం. డిక్లేర్ చేయంగనే ఫీజు కడత" అన్నాను. నేను కోర్సు పరీక్ష తేదీ అనుకున్నాను.

ఆవిడ నవ్వు ఆపుకుంటూ నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లింది. "ఆ డేట్ కాదమ్మా. నెలసరి. నీ మెడ మీద ఉన్నది మురికి కాదు, రుద్దకు. మా చెల్లికీ ఇలాగే ఉండేది, గడ్డం మీద కూడా. హార్మోన్ల తేడా అయ్యుంటుంది. లేడీ డాక్టర్‌కి చూపించు."

మురికి కాదు అన్న మాట విని నాకు ఏడుపొచ్చింది. హార్మోన్లంటే ఏమిటో తెలియదు గానీ, నాలో కనిపిస్తున్నవన్నీ విడివిడి తప్పులు కావనీ, అన్నిటికీ ఒకే మూలం ఉందనీ మొదటిసారి తెలిసింది. ఆ సాయంత్రం బస్సు దిగేలోపే నిర్ణయించుకున్నాను, ఈ సంగతి తేలేదాకా ఊరుకోనని.

అమ్మను ఒప్పించడానికి వారం పట్టింది. ఇంట్లో మొటిమల కోసమని చెప్పాం. అయితే మా ఇంట్లో ఎవరు దవాఖానకు పోయినా నాయనమ్మ వెంట రావాల్సిందే. ఆవిడ లేకుండా జ్వరం కూడా తగ్గదని ఆవిడ నమ్మకం. ముగ్గురం మెహిదీపట్నం వెళ్లాం. డాక్టరమ్మ నా ముఖం, మెడ చూసి, "పీరియడ్స్ రెగ్యులర్‌గా వస్తున్నాయా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే నాయనమ్మ అందుకుంది. "ఒక్క నెల తప్పదు డాక్టరమ్మా. నేనే చూస్త గద. టయానికి బయట కూసుంటది. గా విషయంల మా పిల్ల బంగారం."

డాక్టరమ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఊపింది. నేను నేల చూశాను. ముఖానికి పూసుకునే మందు రాసిచ్చి, నూనె పదార్థాలు తగ్గించమని పంపించింది. బయట జనం బెంచీల నిండా ఉన్నారు. ఆవిడ తప్పేం లేదు. మేం చెప్పిందానికి మందు ఇచ్చింది.

రోడ్డు మీద చెరుకురసం బండి దగ్గర నాయనమ్మ ఆగింది. గ్లాసు నా చేతికి వచ్చింది. ఇంకో చేతిలో ఆ మందు చీటీ. ఇప్పుడు ఇంటికి వెళ్తే ఏం జరుగుతుందో స్పష్టంగా కనిపించింది. ముఖానికి ఇది పూసుకుంటాను, వచ్చే నెల మళ్లీ చాప పరుచుకుంటాను, మెడ మీద మళ్లీ నిమ్మచెక్క పడుతుంది. నాకు నా మీదే కోపం ముంచుకొచ్చింది. రసం తాగకుండానే గ్లాసు బండి మీద పెట్టేశాను.

"నేను మళ్ల లోపలికి పోతున్న" అన్నాను.

"ఏం మరిచినవే?" అంది నాయనమ్మ.

"అసలు సంగతి" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. నా వెనకే ఇద్దరూ వచ్చారు. డాక్టరమ్మ గది తలుపు తీసే ఉంది. లోపల ఇంకెవరో ఉన్నారు. ఆగితే ధైర్యం జారిపోతుందని తెలుసు. గడపలోనే నిలబడి, తెలిసిన ఒక్క మాటలో చెప్పేశాను. "డాక్టరమ్మా, నాకు నెల తప్పింది."

బెంచీల మీద తలలన్నీ నా వైపు తిరిగాయి. ఒకావిడ నా మెడలో పుస్తె కోసం వెతకడం కళ్లారా చూశాను. వెనక నాయనమ్మ "అయ్యో దేవుడా" అని గోడ పట్టుకుంది. నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. అన్ని నెలల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నట్టు అనిపించింది. "తప్పు చేసి కాదు. పోయిన దసరాకు ముందు వచ్చింది, మళ్ల రాలేదు. ఇంట్ల తెలుస్తదని ఊకెనే బయట కూసుంటున్న" అన్నాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. లోపలున్నవాళ్లను కాసేపు ఆగమని, మమ్మల్ని కూర్చోబెట్టి తలుపు వేసింది. ఈసారి ప్రశ్నలన్నీ నన్నే అడిగింది. స్కానింగ్‌కు, రక్తపరీక్షలకు రాసింది. తర్వాత వాటిని చూసి, అండాశయాల్లో నీటిబుడగల్లాంటివి ఉన్నాయనీ, హార్మోన్లు అటూఇటూ అయితే మెడ నలుపు, గడ్డం వెంట్రుకలు, జుట్టు ఊడటం, బరువు, నెలసరి రాకపోవడం అన్నీ కలిసి రావచ్చనీ చెప్పింది. చాలామంది ఆడపిల్లలకు ఉంటుందట. ఒక్క మాత్రతో పోయేది కాదట, కానీ అదుపులో పెట్టుకోవచ్చట. రోజూ నడవాలి, తీపి తగ్గించాలి, చెప్పినన్నాళ్లు మందులు వాడాలి. "అన్నిటికన్నా ముందు, నాకు అబద్ధం చెప్పొద్దు" అంది. ఆ మాట నాతో కాదు, అమ్మతో.

ఆ మొదటి రోజు తిరుగు బస్సులో నాయనమ్మ మొయినాబాద్ దాకా వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టింది. మొయినాబాద్ దాటాక, "మరి గన్ని దినాలు ఉత్తగనే కూసున్నవా?" అంది.

నేను తల ఊపాను.

ముందు సీట్లో ఉన్న అమ్మ వెనక్కి తిరగకుండానే, "నెల తప్పిందని చెప్తే మీరు ఏమనుకునేటోళ్లు అత్తమ్మా?" అంది. అత్తగారికి అమ్మ ఎదురు ప్రశ్న వేయడం నాకు తెలిసి అదే మొదలు.

నాయనమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "గదే అనుకునేదాన్ని" అంది. నా మెడ వెనక, అమ్మ రుద్ది రుద్ది పొట్టు లేపిన చోట, వేలితో మెల్లగా రాసింది. "ఇంకోసారి గిట్ల నాటకమాడితే అత్తాకోడండ్లు లేదు, తల్లీబిడ్డలు లేదు, అందర్నీ బయటనే కూసోబెడత" అంది. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

ఇక మొదలుపెట్టాను. తెల్లారగానే వికారాబాద్ రోడ్డు వెంట నడక. సేటు బిడ్డ పనీపాటా లేనట్టు రోడ్లు పట్టి తిరుగుతోందని జనం అన్నారు, అననీ అనుకున్నాను. ఇంటి నిండా బెల్లం, చక్కెర బస్తాలు పెట్టుకుని టీలో చెంచా చక్కెర లేకుండా తాగడం ఎంత కష్టమో దుకాణదారుల పిల్లలకే తెలుస్తుంది. వాన పడితే దుకాణం లోపలే బస్తాల మధ్య నడిచాను. కాళ్లు నొప్పెట్టిన రోజు తిట్టుకుంటూ నడిచాను గానీ నడిచాను. నిమ్మచెక్కలు పప్పులోకి వెళ్లిపోయాయి. గడ్డం వెంట్రుకలు తగ్గాయే గానీ పోలేదు, వాటిని తీయించుకోవడానికి సిగ్గుపడటం మానేశాను.

మాత్రలు వేసుకుంటే ముట్టు వచ్చింది. కానీ అది తనంతట తాను రావాలని డాక్టరమ్మ అంది. నాయనమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. మాత్రలు ఆపాక పొద్దున్నే గల్లా పక్కనుంచి, ఎవరున్నారని చూడకుండా, "వచ్చిందానే?" అని కేకేసేది. నేను లోపలి నుంచి, "రాలే" అని అరిచేదాన్ని. కొట్టుకు వచ్చినవాళ్లు ఉద్యోగం సంగతి అనుకునేవాళ్లు. కంప్యూటర్ నేర్చుకున్న ప్రతి పిల్లనూ ఆ రోజుల్లో ఊరంతా అదే అడిగేది. "ఫికర్ చెయ్యకు అవ్వా, ఆలస్యమైతది గని వస్తది" అని ఓదార్చేవాళ్లు.

ఒకరోజు సెంటర్‌లో ఉండగా వచ్చింది. తనంతట తానే. పొత్తికడుపులో ఆ పాత నొప్పి, ఒకప్పుడు నేను విసుక్కున్న నొప్పి, చుట్టం వచ్చినంత సంబరం చేసింది. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి దుకాణానికి ఫోన్ చేశాను. నాయనమ్మే ఎత్తింది.

"నాయనమ్మా, వచ్చింది!"

"వచ్చిందా!" ఆ అరుపు ఫోన్ లేకున్నా మొయినాబాద్‌కు వినిపించేది. దుకాణంలో ఉన్నవాళ్లు "వచ్చిందంట, వచ్చిందంట" అనుకోవడం నాకు వినిపిస్తోంది.

"మరి ఇంటికొచ్చి బయట కూసోవాల్నా?" అని అడిగాను.

ఆ చాప ఆవిడ తన అత్తగారి కాలం నుంచి కాపాడుకుంటూ వచ్చింది. "బయట కూసున్నది సాలు. పోయి క్లాసుల కూసో" అని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి దుకాణం ముందు జనం. నాయనమ్మ పటికబెల్లం జాడీ ఒళ్లో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ పంచుతోంది. ఎందుకో చెప్పడం లేదు, వాళ్లు అనుకున్నది కాదనడమూ లేదు. భూముల రేట్లతో నన్ను పోల్చిన ఆ సురంగల్ ఆయన బెల్లం చప్పరిస్తూ, "కంపెనీ పెద్దదేనా అవ్వా? జీతం నెలనెలా సక్కగ వస్తదా?" అని అడిగాడు.

నాయనమ్మ నా వైపు చూసింది. నేను తలుపు దగ్గరే ఆగాను. "వస్తది. ఒక్క నెల రాకున్నా గిది నోరు మూసుకొని కూసోదు. సీదా లోపలికి పోయి అడుగుతది" అంది.