ఘాట్ రోడ్డు మీద నా ప్రయోగం

తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను సైకాలజీ చెబుతాను. మనుషుల మధ్య ప్రేమ ఎలా పుడుతుందన్న పాఠం నా అంత బాగా ఇంకెవరూ చెప్పలేరని నా నమ్మకం. బంగారుపాళ్యంలో ఉన్న మా అమ్మ కుప్పమ్మకు ఆ నమ్మకం లేదు. "ఊళ్లో పిల్లోళ్లకంతా ప్రేమ పాఠాలు చెప్తావంట గదా. నీకు యాడన్నా ఒక పిల్ల దొరుకుతుందా లేదా మునికుమారూ" అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది.

ఎట్టకేలకు ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు మోహన. వాళ్ల నాయన రాజారత్నం గారికి తిరుమలలో బొమ్మల అంగడి ఉంది. ఆమె కొండ మీదే పుట్టి పెరిగింది. రోజూ బస్సులో కిందికి దిగి తిరుపతిలో రక్తపరీక్షల ల్యాబులో పని చేసుకుని వెళుతుంది. పెళ్లిచూపుల్లో ఆమె నన్ను ఒక్క మాట అడిగితే నేను ఒక పీరియడ్ పాఠమే చెప్పాను. "ఆలోచించుకుని చెప్తాను" అంది. ఆమె నాకు బాగా నచ్చింది. కాదంటుందేమోనన్న భయంతో అన్నం కూడా సరిగ్గా సయించలేదు.

చదివిన చదువు ఇలాంటప్పుడు కాక ఇంకెప్పుడు పనికొస్తుంది? మా శాస్త్రంలో ఒక సిద్ధాంతం ఉంది. భయంతో గుండె దడదడలాడేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే, ఆ దడ వాళ్ల వల్లే పుట్టిందని మనసు పొరబడుతుందట. ఎక్కడో ఊగే వంతెన మీద పరీక్షించి మరీ చెప్పారు. నాకు వంతెన ఎందుకు, కొండ దిగే ఘాట్ రోడ్డు ఉండగా. దర్శనం పేరు చెప్పి పైకి వెళ్లాను. పొద్దున్నే కడుపారా పొంగలి తిని, ఆమె ఎక్కే బస్సే ఎక్కాను. నన్ను చూసి ఆశ్చర్యపోయినా, జరిగి పక్కన చోటిచ్చింది.

మొదటి మలుపులో ఆమె ముఖం చూశాను. భయం జాడ లేదు. తర్వాతి మలుపులో ఆవులించింది. ఆ పైన కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. చిన్నప్పటి నుంచి ఆ రోడ్డు మీదే తిరిగిన మనిషికి మలుపులంటే భయం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ చిన్న సంగతి పీజీ చేసిన నా బుర్రకు తట్టలేదు. గుండె దడదడలాడింది నాకు. చెమట పట్టింది నాకు. పొంగలి పైకి తన్నుకొచ్చింది కూడా నాకే. "మోహన గారూ" అన్నాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆమె కళ్లు తెరిచి, తన గుడ్డసంచిలోంచి గబగబా క్యారియర్ తీసి ఒళ్లో పెట్టుకుని, ఖాళీ అయిన సంచిని నా ముఖం కింద పట్టింది. అలిపిరి వచ్చేదాకా వీపు నిమురుతూనే ఉంది.

కింద సోడా తాగాక, తలెత్తి చూడలేక, నా పన్నాగమంతా చెప్పేశాను. ఆమెకు కోపం రాలేదు.

"దడ పుట్టింది మీకు గదా సార్. అట్లయితే నా మీద మీకుండేది ఇష్టమా, మలుపుల భయమా? ఎట్ల తెలిసేది?"

క్లాసులో ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. నా సిద్ధాంతం నా మెడకే చుట్టుకుంది. "నాకు తెలీదండీ" అన్నాను. పెళ్లిచూపుల నాటి నుంచి నేను చెప్పిన పొట్టి జవాబు అదొక్కటే.

"ఆదివారం చిత్తూరు బస్సెక్కుదాం. ఆ రోడ్డు చదునుగా ఉండాది. ఆడ సూద్దాం" అంది.

ఆదివారం ఏమీ తినకుండా వెళ్లాను. బస్సు చంద్రగిరి దాటి సాఫీగా పోతోంది.

"ఇప్పుడెట్లుండాది?" అని అడిగింది.

"గుండె కొట్టుకుంటా ఉండాది" అన్నాను. దానికి ఇంకో రెండు వాక్యాల వివరణ నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ చాలాసేపు బయటికి చూసింది.

"నాకూ కొట్టుకుంటా ఉండాది సార్" అంది. "ఈడ మలుపులు గూడా లేవు."