కణుపు తక్కువ మూర

మా వీధిలో పూలు కొనే ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. నేను మూర కొలిచి ఇచ్చాక, దాన్ని తమ చేతి మీద పరుచుకుని మళ్లీ ఒకసారి చూసుకుంటారు. ఇంకే పూలమ్మి దగ్గరా అలా చూసుకోరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మొదట్లో "నమ్మకం లేకపోతే ఆ పక్క అంగట్లో కొనుక్కోండమ్మా" అని కసిరేదాన్ని. ఇప్పుడు అనను. వాళ్ల తప్పేమీ లేదు. మూర అంటే మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా. నా ఎడమచేతి నడిమి వేలికి పై కణుపు లేదు.

ఆ కణుపు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఇనప రేకులు నొక్కే ప్రెస్ కింద పోయింది. రేకు పెట్టి, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ఆ మెషిన్ దిగాలి. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే వేళ్లు మెషిన్ కింద ఉండవు కదా, అందుకే ఆ ఏర్పాటు. ఎడమ బటన్ మొరాయిస్తోందని ఎవరో దానికి టేపు చుట్టి, ఎప్పుడూ నొక్కినట్టే ఉండేలా చేశారు. పని జోరందుకుంది. మేమంతా సంబరపడ్డాం కూడా. ఒక మధ్యాహ్నం వంకరగా కూర్చున్న రేకును ఎడమచేత్తో సర్దుతూ, కుడిచేత్తో బటన్ నొక్కేశాను. నడిమి వేలి కొస పోయింది. దాని పక్కనున్న ఉంగరపు వేలు నలిగింది. నొప్పి తెలియడానికి ముందే నాకు కోపం వచ్చింది. టేపు చుట్టిందెవరో చెప్పమని, రక్తం కారుతున్న చేయి పట్టుకుని షెడ్డు అదిరేలా అరిచానట.

అంతకు ముందు జీతం రోజు వస్తే చాలు, బీమాకని పట్టుకునే కోతను చూసి తిట్టేదాన్ని. జబ్బు లేదు, గిబ్బు లేదు, ఎవరి కడుపు నింపడానికి ఈ కోత అని. చివరికి ఆ బీమా కార్డే నన్ను ఆదుకుంది. ఆపరేషన్‌కు మా చేతి నుంచి పైసా పడలేదు. ఇంట్లో కూర్చున్నన్ని నెలలూ జీతంలో పెద్ద వంతు బ్యాంకులో పడుతూనే వచ్చింది. బీమా చూడనివీ ఉన్నాయి. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ మా ఆయన తన ట్రాలీ ఆటో ఆపుకోవాలి, ఆ రోజు కిరాయి పోతుంది. జడ నేను వేసుకోలేను, గుడ్డలు నేను పిండలేను. ఇంట్లో ఏ గిన్నె మోగినా అది నా చేతకానితనం గురించే మోగినట్టు ఉండేది.

నడిమి వేలి గాయం తొందరగానే మానింది. ఉంగరపు వేలే మొండికేసింది. కుట్లు విప్పిన డాక్టరు "లోపలంతా బాగానే ఉంది, ఇక వంచడం నీ పని" అని ఒక రబ్బరు బంతి చేతికిచ్చాడు. రోజూ పిసకాలట. నాలుగు రోజులు పిసికాను. వేలు కర్రలా నిలబడే ఉంది. ఐదో రోజు బంతిని గోడకేసి కొట్టాను, అది ఎగిరి పక్కింటి మిద్దె మీద పడింది. తెచ్చుకోవడానికి నేను వెళ్లలేదు.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. ఆమె మా నాన్నకు సొంత అక్క, నాకు మేనత్త. తర్వాత అత్తగారైంది. మా ఆయన్ను నేను మామా అనే పిలుస్తాను. అత్త పుట్టింది కెలమంగలం దగ్గర. మల్లెలు, కనకాంబరాలు కట్టి అమ్మడమే ఆమె బతుకు. పెళ్లికి ముందే నాకూ కట్టడం నేర్పింది. ఫ్యాక్టరీలో చేరాక కూడా సెలవు రోజుల్లో ఆమె పక్కన కూర్చుని కట్టేదాన్ని. చేతికి దెబ్బ తగిలాక మాత్రం పూలగంప వైపు చూడటం మానేశాను. దండ కట్టేటప్పుడు ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మొగ్గల్ని పట్టుకుంటాయి, ఉంగరపు వేలు మడిచి, కట్టిన దండను జారిపోకుండా అరచేతికి అదుముకోవాలి. మడవని వేలితో ఏం కడతాను? అత్త ఒక్కసారి కూడా కట్టమని అడగలేదు. ఆమె అడగలేదని కూడా నాకు కోపమే.

చికిత్స అయిపోయాక మెడికల్ బోర్డుకు రమ్మని పిలుపు వచ్చింది. పనిలో అవయవం పోయినవాళ్లకు నెలనెలా బతికున్నంత కాలం ఇచ్చే డబ్బు ఎంతో ఆ డాక్టర్లే తేలుస్తారు. పోయిన కణుపుకు ఇంత అని పట్టికలో రాసే ఉంది. వంగని వేలికి మాత్రం కళ్లారా చూసి, అది పనికి ఎంత అడ్డమో లెక్కగట్టి, పైన కలుపుతారు. రెండూ కలిస్తే మా ఇంటి బాడుగ వెళ్లిపోతుందని మా ఆయన లెక్క వేశాడు. బాడుగ బెంగ తీరితే నేను మళ్లీ ప్రెస్ దగ్గరికి పోనక్కరలేదు. నాకు కావలసింది అదొక్కటే. ఆ మెషిన్ దిగే చప్పుడు తలచుకుంటేనే చేతులు వెనక్కి లాక్కునేదాన్ని. భయమని ఒప్పుకోవడానికి సిగ్గేసి, "ఆ దొంగల మొహం నేను చూడను" అని పైకి అనేదాన్ని.

బోర్డు కృష్ణగిరిలో. ముందు రోజంతా మా ఆయన నాకు పాఠం చెప్పాడు. "వంచమంటే వంచేదానికి చూడు, రాదు. రాలేదని చెప్పు. ఊరికే నోరు పెట్టుకోవద్దు ఆడ." అబద్ధం చెప్పమని అనలేదు, ఉన్నది చెప్పమన్నాడు. ఆ వేలు నిజంగానే వంగదు కదా!

పొద్దున బయలుదేరుతుంటే అత్త కూడా తయారైంది. చంకలో తడిగుడ్డ చుట్టిన మల్లెమొగ్గల సంచి.

"ఇదెందుకమ్మా ఆడికి?" అన్నాడు మా ఆయన.

"సాయంత్రానికి ఇయ్యల్ల. మొగ్గ విచ్చుకునిందంటే ఎవురు కొంటారప్పా? ఆడ సుమ్మనే కూర్చొనేదే కదా, కట్టుకుంటా."

ఆస్పత్రి వరండాలో మాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరినీ పిలవడానికి చాలాసేపు పడుతోంది. అత్త చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఒడిలో మొగ్గలు పోసుకుని కట్టడం మొదలుపెట్టింది. ఎండ ఎక్కుతున్న కొద్దీ వాసన వరండా అంతా నిండింది. దండ సగానికి వచ్చాక ఆమె లేచింది.

"అమ్మీ, ఇది పట్టుకో. టీ తాగొస్తా. కింద పెట్టొద్దు."

సగం కట్టిన దండను కింద పెట్టకూడదనేది మా ఇళ్లలో పెద్ద పట్టింపు. పెడితే ఇంట్లో మొదలుపెట్టిన మంచి పని సగంలో ఆగుతుందంటారు. పట్టు వదిలితే ముడి జారి మొగ్గలు రాలతాయన్నది అసలు సంగతి. పట్టుకున్నాను. మొగ్గల సంచి నా ఒడిలో పెట్టి అత్త వెళ్లిపోయింది. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నాడు.

అత్త ఎంతకీ రాలేదు. ఒడిలో ఒకటీ అరా మొగ్గలు అప్పుడే కొసలు విప్పుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. ఈ ముసలమ్మ టీ తాగడానికి పోయిందా, టీ తోటకు పోయిందా! పూలు పాడైతే మళ్లీ నామీదే పడి ఏడుస్తుంది. అలా లోలోపల తిట్టుకుంటూనే నాలుగు మొగ్గలు తీసి పెట్టాను, దారం వేశాను. మరో నాలుగు. మరో నాలుగు. ఎదురుగా కూర్చున్న ఆమె తన కాలు ఎలా విరిగిందో చెబుతోంది, ఊ కొడుతున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

లోపల నా పేరు పిలిచారు. లేచి వెళ్లాను. దండ చేతిలోనే ఉంది, మొగ్గల సంచి మోచేతికి తగిలించుకున్నాను. కింద పెట్టకూడదు కదా, ఎవరికి ఇవ్వను? మా ఆయన నా కాగితాల సంచి పట్టుకుని వెనకే వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. నడిమి కుర్చీలో ఉన్న డాక్టరమ్మ తమిళంలో మొదలుపెట్టి, నా మాట విని తెలుగులోకి మారింది. ఊత్తంగరై వైపు ఆమె అనుకుంటాను, మాటలో ఆ తీరు ఉంది. ఆమె కాగితాలు తిప్పుతుంటే నేను నిలబడే ఇంకో నాలుగు మొగ్గలు వేశాను. కావాలని కాదు. మా వాళ్లెవరికీ చేతిలో దారం ఉండగా ఊరికే నిలబడటం రాదు.

"ఏమ్మా, ఉంగరం వేలు వంగేదే లేదని రాసుండాది?"

"అవును మేడమ్, వంగదు."

"మరి అదేమి?"

ఆమె చూస్తున్న వైపు నేనూ చూశాను. నా ఉంగరపు వేలు మడుచుకుని ఉంది. దండను అరచేతికి అదుముకుని, ఎప్పుడూ ఏమీ జరగనట్టు, దాని చోటులో అది ఉంది.

"మేడమ్! ఇది వంగతా ఉండాది!" అని ఆమెకే చెప్పాను.

ముగ్గురూ నవ్వేశారు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. అంత సంతోషం నా పెళ్లిలో కూడా పడలేదు. పోయిందనుకుని నెలల తరబడి ఎవరితోనూ చెప్పుకోకుండా ఏడ్చిన వేలు అది. ఆ వెంటనే ఇంటి బాడుగ గుర్తొచ్చింది. గబుక్కున వేలు చాపేశాను. చాపగానే ముడి జారి, మొగ్గలు టపటపా బల్ల మీద, వాళ్ల కాగితాల మీద రాలాయి.

"అయ్యో, పట్టుకోమ్మా, అంతా రాలిపోతాది," అంది డాక్టరమ్మ. మళ్లీ వేలు మడిచాను. ఇంకేం చేయను?

ఆమె నా చేయి తీసుకుని ఒక్కొక్క వేలూ పట్టి చూసింది. "పోయిన కణుపుకు రావాల్సింది వస్తాది. దానికి ఎవురూ అడ్డం చెప్పరు. వంగే వేలును వంగదని మాత్రం నేను రాసేదానికి లేదు."

"వద్దు మేడమ్, రాయొద్దండి," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అలా రాస్తే వేలు మళ్లీ బిగుసుకుపోతుందేమోనని భయమేసింది. ఆ క్షణాన నిజంగానే అలా అనిపించింది.

వరండాలోకి వచ్చాక మా ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఇన్ని దినాలు ఇంట్లో వంగని వేలు ఈడికే వచ్చి వంగల్నా? నోటికాడి కూడు పాయె కదే!"

అప్పుడు వచ్చింది అత్త, కొంగుతో మూతి తుడుచుకుంటూ. సంగతి విని కొడుకు మీదికి లేచింది. "పెండ్లాముకు వేలొచ్చిందిరా! దానికి ఏడస్తా ఉండావా? బాడుగ ఇయ్యకుంటే ఇల్లు మారదాము. చెయ్యి యాడ మారుస్తావు?"

బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. శూలగిరి దాటింది. తర్వాత, నా వైపు చూడకుండానే, "ఏదీ, ఇంగొక తూరి వంచు," అన్నాడు. వంచాను. "ఇంగొక తూరి." వంచాను. హోసూరు వచ్చేసరికి ముందు సీటు ఆయనకూ, టికెట్లు కొట్టే కండక్టరుకూ నా వేలు వంచి చూపించాల్సి వచ్చింది. మా ఆయన ముఖం చూస్తే ఆ వేలును ఆయనే చేయించుకొచ్చాడేమో అనిపించేలా ఉంది.

ఆ రాత్రి అన్నం దగ్గర అత్తను నిలదీశాను. టీకి అంతసేపా అని.

"టీ ఎప్పుడో తాగేస్తిని. వస్తా ఉంటే నువ్వు కట్టేది కనపడె. ఆ టీ బంకు దగ్గరే బెంచీ మీద కూర్చుంటిని."

"పిలవచ్చు కదత్తా?"

"పిలిస్తే వేలు తట్టు చూస్తావు. చూస్తే నిలిపేస్తావు."

ఆమెకు బోర్డు సంగతి తెలుసు, బాడుగ లెక్కా తెలుసు. తెలిసే బెంచీ మీద కూర్చుంది. అన్నం కలుపుతూ తల వంచుకున్నాను. మంచిమాట అనడం నాకెప్పుడూ చేతకాదు. "పులుసులో ఉప్పు తక్కువైంది," అన్నాను. ఆమె ఉప్పు డబ్బా నా ముందు పెట్టింది.

కణుపుకు రావలసిన డబ్బు నెలనెలా తప్పకుండా వస్తోంది. బాడుగలో ఒక మూలకు సరిపోతుంది. ఫ్యాక్టరీకి మళ్లీ వెళ్లాను. ప్రెస్ దగ్గరికి రానని ఈసారి భయమనే చెప్పాను, కోపమని చెప్పలేదు. రేకులు చూసి మంచీ చెడూ ఏరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సాయంత్రం వీధి మొదట్లో అత్తా నేనూ పూలు పెట్టుకుంటాం. రెండూ కలిసి ఇల్లు గడుస్తోంది, ఇల్లు మారలేదు.

మూర దగ్గరే మొదట చిక్కొచ్చింది. నేను కొలిచిందల్లా తక్కువే. కుడిచేతి మీద కొలుద్దామని చూశాను, ఎడమచేత్తో లాగి పట్టడం కుదరలేదు. "నువ్వే కొలువత్తా" అని గంప ఆమె వైపు జరిపితే తిరిగి నా వైపే నెట్టింది. "నీ యాపారం నా చేత్తో ఎన్నాళ్లు కొలుస్తావు? నీ మూర నువ్వు కొలువు. తక్కువైతే కొసరు వెయ్యి."

అందుకని ఇప్పుడు మోచేతి దగ్గర దండ పట్టి చాపుతాను. వేలు ఆగిపోయిన చోట నేను ఆగను. అది ఉండాల్సిన చోటు దాకా పూలు వదిలి, అక్కడ తెంపుతాను.