ఏటిమొగలో అత్తగారు

మొన్న ఆదివారం మా మనవరాలు పట్టుబట్టి నన్ను కృష్ణలో బోటెక్కించింది. బ్యారేజీకి ఎగువన కాసేపు తిప్పి తీసుకొచ్చే మామూలు షికారే. టికెట్లిచ్చే అమ్మాయి నారింజరంగు జాకెట్టు ఒకటి నా మెడలో వేసి, పట్టీలు బిగిస్తూ, "ఈతొచ్చా మామ్మగారూ?" అని అడిగింది. అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది పాపం. రాదని తలూపి వెళ్లి కూర్చున్నానే గానీ, ఆ తర్వాత మనవరాలు చూపించిన కొండలూ వంతెనలూ ఏవీ నా కళ్లకు ఆనలేదు. మన తరంలో, మన ముందు తరంలో ఆడవాళ్లను ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఎందరుంటారు చెప్పండి? మా ఇంట్లో ఒకరిని ఒక్కసారి అడిగారు. అదీ నలభై ఏళ్లు ఆలస్యంగా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తుండేదాన్ని. సత్యనారాయణపురంలో ఇల్లు, మావారు, పిల్లలు, అత్తగారు, మామగారు. మామగారు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరైనా ఇంటి మొత్తానికి పచ్చజెండా, ఎర్రజెండా ఆయన చేతిలోనే ఉండేవి. పొద్దున కూర దగ్గర్నుంచి పండక్కి ఎవరింటికి వెళ్లాలన్నది దాకా ఆయన మాటే. కోపిష్టి మనిషి మాత్రం కాదు. అన్నీ తనే చూసుకోవాలి, లేకపోతే ఇంటిల్లిపాదికీ ఏమైపోతుందోనన్న బెంగ ఆయనది. పుష్కరాలకు ఘాటు మెట్లు దిగేటప్పుడు అత్తగారి మణికట్టు గట్టిగా పట్టుకుని, జాగ్రత్త, జారిపోతావ్ అంటూ మూడు మునకలూ తనే వేయించారు. ఆవిడ బుద్ధిగా ముక్కు మూసుకుని మునిగారు. అప్పటికి పదేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నా, అత్తగారు గట్టిగా మాట్లాడగా నేను విన్నది లేదు.

రిటైరయ్యాక మామగారికి పక్షుల పిచ్చి పట్టుకుంది. ఎక్కడినుంచో బైనాక్యులర్స్ కొనుక్కొచ్చి, మేడ మీంచి కొంగల్నీ లకుముకి పిట్టల్నీ చూస్తూ గంటలు గడిపేవారు. కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడ అడవుల్లో, గులాబీరంగు పొడుగుకాళ్ల కొంగలు గుంపులుగా వాలతాయని ఎవరో చెప్పారు. అంతే, చూసి తీరాలన్నారు. మావారు ఒక టాటా సుమో మాట్లాడారు. మాఘమాసంలో ఒక ఆదివారం, పిల్లల్ని మా పుట్టింట్లో దింపి, చపాతీలూ బంగాళాదుంప కూరా మజ్జిగ సీసాలూ సర్దుకుని, కంకిపాడు, పామర్రు మీదుగా కోతలైపోయిన పొలాల మధ్య నాగాయలంక చేరాం. అక్కడ ఇంజనున్న నాటుపడవ ఒకటి, నడిపేందుకు ఒక నడివయసు సరంగు.

ఆ పొద్దుటి ప్రయాణం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. పాయకు రెండు పక్కలా మడచెట్లు వేళ్లన్నీ బురదపైకి లేపుకుని నిలబడి ఉంటే, ఆ వేళ్ల సందుల్లో వేలెడంత చేపలు నీళ్లు వదిలి బురదలో కప్పల్లా గెంతుతుండేవి. చేపలేమిటి, గెంతడమేమిటి అని నేను ఆశ్చర్యపోతుంటే, మామగారు ప్రతిదానికీ పేరు చెబుతూ, చెప్పలేనివాటికి పుస్తకం చూసి చెబుతానంటూ హడావుడి పడిపోయారు. నీటికాకులు రెక్కలారబెట్టుకుంటున్నాయి. ఒకచోట సరంగు ఇంజను ఆపి వేలు చూపించాడు. ఒడ్డున బూడిదరంగు పిల్లి ఒకటి, ఊరపిల్లికి రెండింతలుంటుంది, ముందుకాలు నీళ్లలో పెట్టి చేపకోసం కాచుకుని ఉంది. బావురుపిల్లి అన్నాడు. మా వైపు ఒకసారి చూసి, మాతో పనేమీ లేనట్టు మళ్లీ నీళ్లలోకే చూసింది. అత్తగారు మాత్రం పడవ అంచున కూర్చుని, చెయ్యి నీళ్లలోకి జారవిడిచారు. మామగారు రెండుసార్లు హెచ్చరించాక చెయ్యి పైకి తీశారు.

మధ్యాహ్నానికి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికొచ్చాం. ఒక పక్క పాయ, ఇంకో పక్క సముద్రం, మధ్యలో పొడుగాటి ఇసుకదిబ్బ. రాత్రి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కి ఉంటాయి, జాడలు చూపిస్తా రండి అన్నాడు సరంగు. వలలు కట్టుకునే పాతకొయ్య ఒకటి నీళ్లలో ఉంటే పడవ దానికి కట్టాడు. మామగారికి మోకాలి నొప్పి, ఇసుకలో నడవలేనన్నారు. పైగా ఎదుటి ఇసుకమేటమీద ఆయన కోరుకున్న కొంగలన్నీ వందలకొద్దీ వాలి ఉన్నాయి. బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకుని పడవలోనే ఉండిపోయారు. మావారూ సరంగూ దిబ్బ దాటి సముద్రం వైపు వెళ్లిపోయారు. అత్తగారూ నేనూ నెమ్మదిగా వెనక నడుస్తున్నాం. ఇసుక మీద ట్రాక్టరు చక్రం దొర్లినట్టున్న తాబేటి జాడ చూసి నేను వంగానో లేదో, అత్తగారు నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పారు.

పడవ కొయ్య దగ్గర లేదు.

పుచ్చిపోయిన కొయ్య విరిగి, తాడుతోపాటే వెళ్లిపోయింది. ఆటు మొదలై పాయలో నీళ్లన్నీ మొగలోంచి సముద్రంలోకి లాగేస్తున్నాయి. ఆ నీళ్లతో పాటే పడవా వెళుతోంది, అందులో మామగారు ఇంకా కొంగల్నే చూస్తున్నారు. అవతల మొగ దగ్గర అలలు తెల్లగా విరిగిపడుతున్నాయి. ఆ అలల్లో ఆ పడవ పడితే ఏమవుతుందో చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. మామగారికి ఈత రాదు. నాకు రాదు. నేను మావారి కోసం గొంతు చించుకుని అరిచాను. గాలి ఎదురుగా కొడుతోంది, నా అరుపు నాకే వినపడలేదు.

"అరవకమ్మాయ్, వాళ్లకి వినపడదు. ఇది పట్టుకో," అన్నారు అత్తగారు. కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టారు. చీర కుచ్చెళ్లు వెనక్కి తీసి కచ్చ పోసి, పమిట నడుముకి చుట్టి బిగించారు. ఆవిడ ఏం చేస్తున్నారో నా బుర్రకి ఎక్కలేదు. ఒడ్డున కూర్చుని దణ్ణం పెట్టుకుంటారేమో అనుకున్నాను, నిజం చెబుతున్నాను. ఆవిడ నడుములోతు దాకా నడిచి, నీళ్లలోకి ఒరిగిపోయారు.

మునిగిపోయారనే అనుకున్నాను. మళ్లీ చూసేసరికి ఆ నెరిసిన తల నీళ్లపైన ఉంది. చేతులు ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా, పిండి రుబ్బేటప్పుడు ఎలా ఆడేవో అలాగే ఆడుతున్నాయి. పడవ వైపు కాకుండా ఎటో దూరంగా పోతున్నారేమిటా అనుకున్నాను. కాసేపటికి తెలిసింది, ఆవిడ వెళుతున్నది పడవ రాబోయే చోటికి. పడవే వచ్చి ఆవిడ చేతికి అందింది.

మామగారు అప్పటికి బైనాక్యులర్స్ దించారు. లేచి నిలబడబోయి, పడవ ఊగేసరికి కూలబడి, అంచు పట్టుకుని బిక్కచచ్చిపోయారు. అప్పుడు విన్నాను అత్తగారి గొంతు. నీళ్లమీదుగా, అంత దూరం, స్పష్టంగా.

"కూర్చోండి! కదలకండి! ఆ గెడ అందుకోండి!"

ఆయన పడవలో పడున్న వెదురుగెడ అందుకున్నారు.

"అటు కాదండీ, కుడి పక్క! అడుక్కి దించి తొయ్యండి! ఇంకా, ఇంకా!"

ఆయన తోస్తున్నారు. ఆవిడ వెనకనుంచి భుజం ఆనించి పడవని పక్కకి నెడుతున్నారు. దిబ్బ కొసన, నీటి లాగుడు తగ్గే మెరకలో, ఆవిడ కాళ్లకి నేల తగిలింది. తాడు నడుముకి చుట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి తాడు పట్టుకున్నాను. దిబ్బ దాటి తిరిగొస్తున్న సరంగూ మావారూ మమ్మల్ని చూసి పరుగున వచ్చారు. సరంగు విరిగిన కొయ్యవంక, మొగవంక చూసి, అత్తగారి కాళ్లకు వంగబోతే ఆవిడ వెనక్కి తగ్గారు. మావారు అమ్మా అంటూ తాడు అందుకున్నారు.

మామగారు పడవలోంచి ఆవిడనే చూస్తున్నారు. ప్రాణం దక్కిన మనిషి చూపులా లేదు. తన ఇంట్లో తనకు తెలియని గది ఒకటి ఉందని అప్పుడే చూసినవాడిలా ఉన్నారు.

"నీకు... ఈతొచ్చా?"

"వచ్చండీ."

"ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచీ. మాది ఏటి మధ్య లంక కదండీ. పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పాయ ఈది బడికెళ్లేదాన్ని."

"మరెప్పుడూ చెప్పలేదేం?"

ఆవిడ జుట్టు పిండుకుంటూ అన్నారు. "అత్తారింట్లో ఇలాంటివి చెప్పుకోకే అంది మా అమ్మ. మీరూ ఎప్పుడూ అడగలేదుగా."

ఆ మాటలో దెప్పుడు లేదు. ఉప్పు ఏ డబ్బాలో ఉందో చెప్పినట్టు చెప్పారు. అందుకేనేమో, అది వింటుంటే పడవ కొట్టుకుపోయినప్పటికంటే ఎక్కువ భయమేసింది నాకు. పుష్కరాల మెట్లమీద ఆయన మణికట్టు పట్టుకుంటే ముక్కు మూసుకుని మునిగిన మనిషి ఈవిడేనా?

తిరుగు దారిలో పామర్రులో టీ కోసం ఆగితే, మామగారు కుంటుకుంటూ దిగి, గ్లాసు తనే తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. అది కూడా నేనెప్పుడూ చూడని సంగతే. ఆ తర్వాత సాయంత్రాలు వరండాలో ఆవిడని కూర్చోబెట్టుకుని, మీ ఊళ్లో ఇంకేం చేసేదానివి, చెట్లెక్కేదానివా, పడవ నడిపేదానివా అని అడుగుతుండేవారు. ఆవిడ నవ్వి ఒకటో రెండో మాటలు చెప్పి, పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయేవారు. అలా అడుగుతూండగానే ఆయన కాలం చేశారు. కొన్నేళ్లకు ఆవిడా వెళ్లిపోయారు. ఉన్నన్నాళ్లూ మళ్లీ నీళ్లలో దిగలేదు. దిగండి అని మేమూ అనలేదు.

ఇప్పుడు రోజులు మారాయి. మా మనవరాలు ఈత నేర్చుకుంటుంటే వాళ్లమ్మ గట్టున నిలబడి ఫోనులో తీసి, సాయంత్రానికి చుట్టాలందరికీ పంపిస్తుంది. తనకు వచ్చింది వచ్చినట్టు ఆ పిల్ల చెప్పుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. అత్తగారు ఈదుతుండగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు. చూసిన నేను చెబితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆవిడ పుట్టిన లంకను కూడా ఏరు కోసేసిందట, ఆ పాయ ఎక్కడుండేదో చూపించేవాళ్లు లేరు. ఆవకాయలో పాళ్లు అడిగాను, మజ్జిగపులుసు అడిగాను, పిల్లలకు జ్వరమొస్తే ఏం చేయాలో అడిగాను, అన్నీ ఓపిగ్గా చెప్పారు. అన్నేళ్ల తర్వాత ఒళ్లంతా నీళ్లలో పడ్డప్పుడు ఆవిడకు ఎలా అనిపించిందో మాత్రం నేను అడగలేదు. అడిగితే చెప్పేవారేమో.