అప్పగింతల తర్వాత పులి

ఆ రోజుల్లో సినిమా మన దగ్గరికి వచ్చేది కాదు, మనమే దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాలి. ఇప్పుడు మా అమ్మాయి సోఫాలో పడుకుని ఫోనుకి పేరు చెబితే చాలు, నేను పుట్టకముందు ఆడిన సినిమా కూడా చెప్పిన మాట విని వచ్చేస్తోంది. (అమ్మాయి మాత్రం వినదు, అది వేరే సంగతి.) నేను చెప్పబోయేది సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న కాలం. షాపుల్లో సీడీలు అద్దెకిచ్చేవాళ్ళు, వీడియో క్యాసెట్లు అటకెక్కేశాయి. నాకు తణుకులో ఒక ఎరువుల డిపోలో కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చింది. జీతం తక్కువ, పని అంతకంటే తక్కువ, జానపద సినిమాల పిచ్చి మాత్రం ఎక్కువ. కత్తియుద్ధం, గుహ, మాట్లాడే చిలక, ఈ మూడింట్లో రెండైనా లేకపోతే నాకది సినిమాలా అనిపించేది కాదు. తోటి కుర్రాళ్ళు కొత్త సినిమాల మొదటి ఆటకి చొక్కాలు చింపుకుంటుంటే నేను పాత సినిమాల కోసం చెప్పులు అరగదీసుకునేవాణ్ణి.

అందులోనూ ఒక సినిమా నన్ను పట్టి పీడించేది. (పేరు చెప్పను. చెబితే మీరు ఫోను తీస్తారు, నా కథ ఇక్కడే ఆగిపోతుంది.) చిన్నప్పుడు మా ఊళ్ళో వినాయక చవితి పందిట్లో టీవీ, వీడియో డెక్కు అద్దెకి తెచ్చి ఆ సినిమా వేశారు. దుర్మార్గుడైన సేనాపతి రాజుగారి కళ్ళు పొడిపించి రాజ్యం కాజేస్తాడు. అడవిలో పెరిగిన రాకుమారుడు కోటలోకి చొరబడి పట్టుబడితే, తీసుకెళ్ళి కొండగుహలోకి తోసేస్తారు. గుహలో చీకట్లోంచి ఏదో గుర్రుమంది. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. వచ్చేసరికి డెక్కు అద్దెకిచ్చినాయన పక్క ఊళ్ళో బేరం ఉందని సామానంతా రిక్షాలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రాకుమారుడు ఆ గుహలో అలాగే ఉండిపోయాడు. నేను పదో తరగతి పాసయ్యాను, డిగ్రీ పాసయ్యాను, ఉద్యోగంలో చేరాను, అతను మాత్రం బయటికి రాలేదు. నవ్వకండి, నాకది నిజంగానే బెంగ.

తణుకులో షాపులన్నీ అయ్యాయి. భీమవరం వెళ్ళాను, రాజమండ్రిలో సీడీలమ్మే వీధంతా తిరిగాను. ఎక్కడ అడిగినా "అలాంటివి ఇప్పుడెవరు చూస్తారండీ" అన్నారు. నేను చూస్తానండీ అంటే నా వయసు చూసి నవ్వేవాళ్ళు. చివరికి డిపోకి దగ్గర్లోనే దారి దొరికింది. రీచార్జి కార్డులమ్మే ఒకాయనకి పూర్వం వీడియో లైబ్రరీ ఉండేదట. సినిమా పేరు చెప్పగానే ఆయన నిట్టూర్చాడు. "మా దగ్గరే ఉండేదండి ఆ క్యాసెట్టు. ముహూర్తాల రోజుల్లో ఖాళీ క్యాసెట్లకి కరువొచ్చి, ఫోటోగ్రాఫరు నా దగ్గర పాతదని అదే పట్టుకుపోయి దానిమీద పెళ్ళి ఎక్కించేశాడు. తర్వాత పెళ్ళికూతురి నాన్నగారు నామీదకొచ్చారండి, మా అమ్మాయి అప్పగింతలైన మరుక్షణం గుహలోంచి పులొస్తందేంటయ్యా అని."

నాకు ఒళ్ళు పులకరించింది. గుహలో గుర్రుమన్నది పులి అన్నమాట. పెళ్ళి అయిపోయాక టేపు మిగిలింది, ఆ మిగిలిన టేపులో నా సినిమా చివరి భాగం బతికే ఉంది. ఆ ఇంటి ఫోను నంబరు ఆయన దగ్గరే తీసుకుని సాయంత్రం చేశాను. పెళ్ళికూతురి నాన్నగారే ఎత్తారు. పులి కోసం ఫోను చేశానంటే బాగుండదని, "మీ అమ్మాయిగారి పెళ్ళి క్యాసెట్టు ఒకసారి చూద్దామనండి" అన్నాను. అవతల గొంతు వెంటనే మెత్తబడింది. మాది ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఉద్యోగం పర్మినెంటేనా అని అడిగారు. మనవైపు రాంగ్ నంబరు వచ్చినా ఇవన్నీ అడుగుతారు కదా అని అన్నింటికీ వినయంగా జవాబు చెప్పాను. "ఆదివారం పొద్దున్న మంచిదండి. పెద్దవాళ్ళెవర్నైనా తీసుకుని రండి బాబూ" అన్నారు. క్యాసెట్టు చూడటానికి పెద్దవాళ్ళెందుకో అనుకున్నాను గాని, ఎందుకైనా మంచిదని డిపోలో నా సీనియర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన్ని డిపోలో అందరూ బావగారనే పిలిచేవాళ్ళు.

కాలవ దాటాక చిన్న ఊరు, రైతు కుటుంబం. వాకిట్లో నీళ్ళు చల్లి పెద్ద ముగ్గేసి ఉంది. హాల్లో సోఫాకి కొత్త గుడ్డలు, పక్కింటి నుంచి తెచ్చిన డెక్కు, పళ్ళేల్లో సున్నుండలు, జంతికలు. కిటికీ అవతల ఇరుగు పొరుగు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక క్యాసెట్టుకి ఇంత మర్యాదా అని నాకు సంతోషం వేసింది. క్యాసెట్టు పెట్టారు. స్నాతకం మొదలైంది. తెరమీద లంగా ఓణీలో ఒక అమ్మాయి కనిపించినప్పుడల్లా ఆ ఇంటి పెద్దాయన బొమ్మ ఆపి, "ఈ పన్నీరు బుడ్డి పట్టుకున్నది మా చిన్నమ్మాయండి. అప్పుడు ఇంటరు, ఇప్పుడు డిగ్రీ అయిపోయింది" అని చెబుతున్నారు. నేను అలాగాండీ అని తలూపుతున్నాను. జీలకర్ర బెల్లం దగ్గరికొచ్చేసరికి ఓపిక చచ్చిపోయి, "కొంచెం ముందుకి జరపొచ్చాండీ" అన్నాను. గుమ్మంలో కూర్చున్న మామ్మగారు కిసుక్కున నవ్వి, "అబ్బాయికి తొందరెక్కువే. అసలు పిల్లనే తీసుకొచ్చేయండర్రా" అంది.

బావగారు సున్నుండ నములుతూనే నా చెవి దగ్గర వంగి, "ఒరేయ్, ఇది పెళ్ళిచూపులు" అన్నాడు. అప్పుడు చెప్పాడు, మా వైపు ఒక పద్ధతి ఉందట. నేరుగా పిల్లని చూసి నచ్చలేదంటే ఇద్దరికీ నామర్దా కాబట్టి, ముందు ఆ ఇంట్లో జరిగిన పెళ్ళి క్యాసెట్టు ఒకసారి చూస్తామని తెప్పించుకుంటారట. క్యాసెట్టు అడిగారంటే అందులో కనిపించే పిల్లని అడిగినట్టేనట. నచ్చకపోతే క్యాసెట్టు తిప్పి పంపేస్తారు, పిల్లకి మాట రాదు. ఇది ఊరంతటికీ తెలుసుగాని పెళ్ళికాని కుర్రాళ్ళకి ఎవరూ చెప్పరు. నేను మధ్యవర్తి లేకుండా నేనే ఫోను చేసి, రమ్మనగానే వచ్చేశాను. దాపరికం లేని కుర్రాడని వాళ్ళు ముచ్చట పడ్డారు.

చేతిలో జంతిక పళ్ళెంలో పెట్టేశాను. నిజం చెబితే ఇంత మర్యాద చేసినవాళ్ళని, మీ అమ్మాయి కోసం కాదండీ పులి కోసం వచ్చానని అవమానించినట్టు. చెప్పకుండా లేచి వెళ్ళిపోతే, ఫలానావాడు ఇంటికొచ్చి చూసి వద్దన్నాడని ఆ కిటికీ అవతలి ఆడవాళ్ళంతా సాయంత్రానికి ఊరంతా చెప్పేస్తారు. ఆ పిల్ల ఏం పాపం చేసిందని. ఈలోగా ఆ అమ్మాయి కాఫీ తెచ్చింది. నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. పెద్దాయన కాస్త కొత్తకాలం మనిషి. "ఇద్దరూ పెరట్లో ఓ మాట మాట్లాడుకోండి" అన్నారు.

పెరట్లో కొబ్బరికాయల రాశి పక్కన నిలబడ్డాం. సిగ్గు చంపుకుని మొత్తం చెప్పేశాను. చవితి పందిరి, కరెంటు పోవడం, రీచార్జి కార్డులాయన, అన్నీ. ఆ అమ్మాయి కోప్పడుతుందనుకున్నాను. మొహం విప్పారింది.

"మీరు ముందు సగం చూశారాండీ?" అంది.

"చూశాను. గుహలోకి తోసేసేదాకా."

"మా అక్క క్యాసెట్టు వేసినప్పుడల్లా అందరూ లేచిపోయినా నేను ఆ చివర చూస్తానండి. అందులో ఒక గుడ్డి ముసలాయన చచ్చిపోతాడు. అందరూ ఏడుస్తారు. ఆయనెవరో తెలీకుండానే నేనూ ఏడుస్తున్నాను ఇన్నాళ్ళూ. ఎవరండి ఆయన?"

"రాజుగారండి. కుర్రాడి నాన్న. సేనాపతి కళ్ళు పొడిపించేస్తాడు."

"అయితే ఏడవాల్సిందేలెండి" అంది.

"మరి గుహలోంచి ఎలా బయటపడ్డాడంటారు? మధ్యలో ఏం జరిగిందో?"

"మధ్యలో మా అక్క పెళ్ళి జరిగిందండి" అంది. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు హాల్లోకి వినపడింది. లోపల ముహూర్తాల మాట మొదలైనట్టుంది.

అది విని ఆమె గొంతు తగ్గించింది. "మీరు వద్దంటే నాకు మాట వస్తుంది. నేను వద్దంటే రాదు. నాకు రాజమండ్రిలో బీఈడీ సీటొచ్చిందండి, చేరాక చూద్దామంటే మా నాన్నగారు వినట్లేదు. అబ్బాయి నచ్చలేదని చెప్పేస్తాను. మీరేమీ అనుకోరు కదా?" అంది. నేను ఉదారంగా ఏమీ అనుకోనన్నాను. ఆమె లోపలికెళ్ళి తల్లి చెవిలో చెప్పింది. తల్లి తండ్రికి చెప్పింది. మామ్మగారు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "అదీ నిజమేలే" అంది. అక్కడ మాత్రం నాకు గుచ్చుకుంది. పిల్లని అడగడానికి వెళ్ళనివాడికి, కాదన్నందుకు ఏం నొప్పి చెప్పండి. కాని నొప్పి వేసింది.

పెద్దాయన మొహం చిన్నబోయింది. "ఏమీ అనుకోకండి బాబూ, ఈ కాలం పిల్లలు. మీకేం కావాలన్నా అడగండి" అన్నారు. క్యాసెట్టు చివరిదాకా చూస్తానన్నాను. బాధలో ఏదో అంటున్నాడనుకుని జాలిపడి పెట్టారు. అప్పగింతలయ్యాయి, పెద్దమ్మాయి కారెక్కింది, తెర రెండుసార్లు వణికింది, పులి వచ్చింది. దాని పక్కనే రాకుమారుడు దాని మెడమీద చెయ్యేసుకుని నడిచొచ్చాడు. ఇన్నేళ్ళ బెంగ తీరి నాకు కళ్ళు చెమర్చాయి. మామ్మగారు నాకు మరో సున్నుండ పెట్టింది. గుడ్డి రాజు కొడుకు మొహం తడిమి చూసి ప్రాణం వదిలేటప్పుడు, గుమ్మం పక్కన నిలబడ్డ ఆ అమ్మాయి వైపు చూశాను. ఓణీ కొంగు కళ్ళకద్దుకుంటూ, ఇప్పుడు తెలిసిందన్నట్టు నావైపు చూసి తలూపింది. సినిమా ఎలా ముగిసిందో నాకు సరిగ్గా గుర్తులేదు.

తిరిగొచ్చేటప్పుడు కాలవ గట్టున స్కూటరు వెనక కూర్చుని, "బావగారూ, మనం నిజంగానే అడిగిస్తే ఎలా ఉంటుందంటారు?" అన్నాను. ఆయన స్కూటరు ఆపి నావైపు తిరిగి చూశాడు. "వద్దంది కదరా" అన్నాడు. అది ఉత్తుత్తి వద్దు అని నేను వాదించాను. ఆ వాదనతోనే ఆయన్ని విసిగించి, ఆమె బీఈడీ అయిపోవచ్చాక ఒక ఆదివారం పద్ధతి ప్రకారం ఒక్కణ్ణే ఆ ఊరు పంపించాను. ఈసారి ఇస్త్రీ చొక్కా ఫోటో కూడా ఇచ్చాను. నేను గదిలో కూర్చుని, పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి ఆ మధ్య భాగం వెతకడానికి ఏయే ఊళ్ళు తిరగాలో ఆలోచిస్తున్నాను. బావగారు మధ్యాహ్నానికే వచ్చేశాడు. భోజనం బాగా పెట్టారని చెప్పి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు అసలు సంగతి చెప్పాడు.

"ఆ అమ్మాయే మాట్లాడిందిరా. కిందటిసారి ఆయన కోసం వద్దన్నానండి, ఈసారి నాకోసం వద్దంటున్నానని చెప్పమంది. నిన్ను బాగా అడిగినట్టు కూడా చెప్పమంది."

ఆ సాయంత్రం అన్నం తినలేదు, అది మాత్రం నిజం. ఇప్పుడు ఆ గదిలో ఇస్త్రీ చొక్కాతో ఎదురుచూస్తూ కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ముద్దుగా కూడా ఉంటాడు, పాపం.